48 మందికి రాయడం నేర్పబోతున్న నీకు

అమ్మాయీ,

నీ ఉత్తరం అందింది. రాత కోర్సు చెప్పడం ఇదే మొదటిసారి, సెక్షన్‌లో 48 మంది ఉన్నారని టెన్షన్ పడుతున్నావు. పడాల్సిన విషయమే.

పాఠం చెప్పడమైతే 20 మందికైనా 80 మందికైనా పడే శ్రమ దాదాపు ఒకటే. రాయడం నేర్పడం అలా కాదు. ఎవరి కాగితం వాళ్లది కూర్చుని చదవాలి. ఒక వ్యాసం శ్రద్ధగా చదివి, పనికొచ్చే నాలుగు మాటలు రాయడానికి 20 నిమిషాలు వేసుకో. 20 మందికి 6 గంటల 40 నిమిషాలు. 48 మందికి 16 గంటలు. అదీ ఒక్క అసైన్‌మెంట్‌కి.

ఈ లెక్క కాగితం మీద వేసి ముందు మీ హెడ్‌కి చూపించు, మొహమాటపడకు. అమెరికాలో కాలేజీ రాత అధ్యాపకుల సంఘం, కాన్ఫరెన్స్ ఆన్ కాలేజ్ కంపోజిషన్ అండ్ కమ్యూనికేషన్, రాత క్లాసులో 20 మందికి మించకూడదనీ, 15 మందైతే మరీ మంచిదనీ, ఒక టీచరుకి టర్ములో 60 మంది దాటకూడదనీ చెబుతోంది. అదీ ఆ కాగితంలో రాయి.

ఒప్పుకోకపోతే, నేను చేసిన పొరపాటు మాత్రం చెయ్యకు. ఒక ఏడాది నా క్లాసులో 60 మందికి పైగా ఉన్నారు. అర్ధరాత్రి దాకా ఎర్ర పెన్నుతో దిద్దేదాన్ని. ఒక కుర్రాడు లైబ్రరీ వేళలు పెంచాలని మూడు పేజీలు రాశాడు. అక్షరదోషాలన్నిటికీ సున్నాలు చుట్టి ఇచ్చేశాను. వారానికి మళ్లీ రాసి తెచ్చాడు. ఒక్క తప్పు లేదు, వ్యాసం మాత్రం ఎక్కడ వేసిన గొంగళి అక్కడే. అప్పుడు నా కళ్లబడింది చివరి వాక్యం: "లైబ్రరీ మూశాక మేం మెట్ల మీద లైటు కింద కూర్చుని చదువుకుంటాం." వ్యాసం మొదలుపెట్టాల్సింది అక్కడ! మొదటి ప్రతిలోనూ ఆ వాక్యం ఉంది. నేనే తప్పుల వెంట పడి చూడలేదు. ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

అందుకే చెబుతున్నాను, ఒక ప్రతికి ఒక్క మాటే చెప్పు, ఆ కాగితానికి అన్నిటికంటే అవసరమైనది. అదీ మార్కులు వేయకముందు, చిత్తుప్రతి మీద చెప్పు. మార్కులు పడ్డాక నీ వ్యాఖ్యలు చదివేవాళ్లు తక్కువ. క్లాసుని మూడు జట్లు చేసి, వారానికో జట్టు కాగితాలు తీసుకో. 16 మందివే అయితే మనసు పెట్టి చదవగలవు. అయిదు పేజీల వ్యాసం ఒకటి బదులు ఒక పేజీవి అయిదు రాయించు. దిద్దలేక రాయించడమే తగ్గించేస్తారు చాలామంది, ఆ పని చెయ్యకు. నువ్వు చదవకపోయినా రాస్తే వాళ్ల చెయ్యి తిరుగుతుంది.

ఒకరి కాగితం ఒకరి చేత చదివించు. కాకపోతే "ఎలా ఉంది?" అని అడగమంటే అందరూ "బాగుంది" అంటారు, పని తేలిపోతుంది. "చదువుతూ ఎక్కడ ఆగిపోయావు? ఎందుకు?" అని అడగమను.

క్లాసులో అందరూ రాసుకుంటున్నప్పుడు ఇద్దరు ముగ్గుర్ని పిలిచి తలా అయిదు నిమిషాలు మాట్లాడు. వెనక బెంచీల నుంచి మొదలుపెట్టు. పెద్ద క్లాసులో వాళ్లు నోరు విప్పరు, టర్ము అయిపోయినా నీకు వాళ్ల పేర్లు రావు.

హెడ్ ఏమన్నారో రాయి. లెక్క కాగితం కాపీ ఒకటి ఉంచుకో, వచ్చే టర్ములో మళ్లీ ఇవ్వాలి.

నీ పెద్దమ్మ