ఎర్లీలో డిఫర్ చేశారు, ఇప్పుడేం చేయాలి?

ప్రశ్న: మా బాబు హైదరాబాద్‌లో సీబీఎస్ఈ పన్నెండో తరగతి చదువుతున్నాడు. అమెరికాలో ఒక యూనివర్సిటీకి కంప్యూటర్ సైన్స్ కోసం ఎర్లీ డెసిషన్‌లో అప్లై చేస్తే, డిసెంబర్ మధ్యలో ‘డిఫర్డ్’ అని వచ్చింది. అప్పటి నుంచి సరిగా తినడం లేదు. తెలిసిన పెద్దవాళ్లతో ఇంకో నాలుగు సిఫార్సు లేఖలు రాయించి పంపమంటారా? వాళ్లమ్మ జేఈఈ రాయించేద్దామంటోంది. డబ్బు కడితే అడ్మిట్‌గా మార్పిస్తామని ఒక కన్సల్టెన్సీ వాళ్లు ఫోన్ చేస్తున్నారు. వాడు కాలేజీకి రాసుకున్న ఉత్తరం జత చేశాను, చూడగలరు.
– ఒక తండ్రి, కూకట్‌పల్లి

జవాబు: ముందు కన్సల్టెన్సీ సంగతి. అలా మార్పించే శక్తి బయటివాళ్లెవరికీ ఉండదు. డబ్బు కట్టకండి, దరఖాస్తు చూసుకునే కాలేజీ పోర్టల్ పాస్‌వర్డ్ అసలే ఇవ్వకండి.

డిఫర్ చేశారంటే మీ బాబు ఫైలును రెగ్యులర్ దరఖాస్తులతో కలిపి మళ్లీ చూస్తారు. జవాబు మార్చి చివరికి గానీ రాదు. ఈలోగా మీకు కలిసొచ్చింది ఒకటుంది. సీటొస్తే చేరి తీరతామని ఎర్లీ డెసిషన్‌లో మీరు, బాబు, స్కూలు కౌన్సిలర్ సంతకాలు పెట్టారు కదా, ఆ షరతు ఇక వర్తించదు. మార్చిలో సీటిచ్చినా మిగతా ఆఫర్లు, ఖర్చు పక్కపక్కన పెట్టి చూసుకుని, మామూలుగా మే 1 లోపు నిర్ణయం చెప్పొచ్చు.

ఆశ మాత్రం కొంచెమే పెట్టుకోండి. డిఫర్ అయినవాళ్లకు ఎన్ని సీట్లు దక్కుతాయన్నది కాలేజీని బట్టి మారుతుంది. మీవాడిది కంప్యూటర్ సైన్స్, పైగా విదేశీ విద్యార్థి. ఫైనాన్షియల్ ఎయిడ్ కూడా అడిగి ఉంటే చాలా కాలేజీల్లో పోటీ ఇంకా గట్టిగా ఉంటుంది. అందుకని ఈ పది రోజులూ ఆ ఒక్క కాలేజీ గురించి మథనపడుతూ కూర్చుంటే అసలుకే మోసం. చాలా కాలేజీల రెగ్యులర్ గడువు జనవరి మొదటి వారంలోనే ముగుస్తుంది. బర్కిలీ, లాస్ ఏంజెలెస్ వంటి ‘యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా’ క్యాంపస్‌ల గడువు ఎలాగూ దాటిపోయింది. అరిజోనా స్టేట్ లాంటివి వచ్చిన దరఖాస్తును వచ్చినట్టే చూస్తుంటాయి కాబట్టి అలాంటి ఒకట్రెండు తప్పకుండా పెట్టించండి. జాబితాలో మీ జేబు భరించగలిగే కాలేజీ ఒక్కటైనా ఉందా లేదా, ఈ రాత్రే లెక్క వేసుకోండి.

ఎర్లీ డెసిషన్ రెండో విడత అని ఇంకోటుంది. న్యూయార్క్ యూనివర్సిటీ, బోస్టన్ యూనివర్సిటీ, ఎమరీ, టఫ్ట్స్ వంటి చోట్ల జనవరి మొదట్లో దరఖాస్తు చేస్తే ఫిబ్రవరిలో ఫలితం ఇస్తారు. ఇక్కడ మళ్లీ సీటొస్తే చేరాల్సిందే. బాబుకు ఆ కాలేజీ నిజంగా నచ్చి, ఖర్చు మీకు ముందే తెలిసి ఉంటే సరే. డిఫర్ అయిన ఉక్రోషంతో మాత్రం అటు వెళ్లకండి.

ఇప్పుడు ఉత్తరం. రెండు పేజీలు రాశాడు. మొదటి పేరా అంతా బాధ. తర్వాత యూనివర్సిటీ ర్యాంకు, వెబ్‌సైట్‌లోంచి తీసుకున్న ప్రొఫెసర్ల పేర్లు. రెండో పేజీ మధ్యలో ఒక్క వాక్యం ఉంది చూడండి: స్కూలు లైబ్రరీ రిజిస్టర్‌ను కంప్యూటర్‌లోకి ఎక్కించడానికి నవంబర్‌లో ఒక చిన్న ప్రోగ్రామ్ రాశాడట. ఒకే తెలుగు పేరును ఇంగ్లిష్‌లో ఒక్కొక్కరు ఒక్కోలా రాయడంతో వెతికితే పుస్తకాలు దొరక్క, దాన్ని మొదటి నుంచి తిరగరాశాడట. అప్లై చేసినప్పుడు ఈ సంగతి లేదు. వాళ్లకు కావాల్సింది ఇదే! దీన్ని ముందుకు తెచ్చి, ఎక్కడ బెడిసింది, ఎలా సరిచేశాడు, ఇప్పుడు దాన్ని ఎవరు వాడుతున్నారు అన్నది రాయమనండి. ఆ కాలేజీలో ఏ కోర్సు ఎందుకు కావాలో రెండు వాక్యాలు. సీటిస్తే చేరతాననే మాట, అది నిజమైతేనే. పేజీ దాటకూడదు. మీరు దిద్దకండి, నలభై అయిదేళ్ల మనిషి భాష వాళ్లు ఇట్టే పట్టేస్తారు.

పంపేముందు పోర్టల్ చూడమనండి. కొన్ని కాలేజీలు దీనికోసం ప్రత్యేకంగా ఫారం ఇస్తాయి, ఎంఐటీ అయితే ఫిబ్రవరిలో తీసుకుంటుంది. ఏమీ పంపొద్దని రాసి ఉంటే పంపకపోవడమే మంచిది. లేదంటే జనవరి రెండు, మూడు వారాల్లో ఒక్కసారి పంపితే చాలు.

ఆ నాలుగు సిఫార్సు లేఖలు వద్దు. బాబును క్లాసులో చూడని పెద్దమనిషి ఎంత పెద్ద పదవిలో ఉన్నా ఆయన రాసేది పొగడ్తే. కాలేజీ అనుమతిస్తే, ఆ ప్రోగ్రామ్ పని దగ్గరుండి చూసిన టీచర్‌తో ఒకటి రాయించండి.

వీటన్నిటికంటే బరువైనది మిడ్ ఇయర్ రిపోర్టు. అర్ధ సంవత్సరం లేదా ప్రీబోర్డ్ మార్కులను స్కూలే కామన్ యాప్ (చాలా కాలేజీలకు ఒకేచోట దరఖాస్తు చేసే వెబ్‌సైట్) ద్వారా పంపాలి. మన స్కూళ్లలో పిల్లలు భయపడి చదువుతారని ప్రీబోర్డ్ పేపర్లు పిసినారితనంగా దిద్దే అలవాటు ఉంది. మీ స్కూలూ అంతే అయితే, ఆ సంగతిని, బోర్డులో ఎంత అంచనా వేస్తున్నారన్నదాన్ని కౌన్సిలర్ నోట్‌లో రాయమని అడగండి. అడగడంలో తప్పేమీ లేదు.

జేఈఈ విషయంలో వాళ్లమ్మగారి భయం అర్థమైంది. కానీ రెండేళ్లు కోచింగ్‌లో ఉన్న పిల్లలతో ఇప్పుడు పోటీకి దించితే బోర్డు మార్కులు కూడా దెబ్బతింటాయి. ఇక్కడా ఒక దారి ఉండాలనుకుంటే బిట్‌శాట్, ఎప్‌సెట్ లాంటివి రాయించండి. బోర్డు పరీక్షలయ్యాక చదువుకోవడానికి కొంత వ్యవధి దొరుకుతుంది.

బాబును రెండు రోజులు వదిలేయండి. బంధువుల వాట్సాప్ గ్రూపులో ఈ విషయం పెట్టకండి, పెట్టి ఉంటే ఓదార్పులు వాడిదాకా రానివ్వకండి. మీరు మాత్రం రేపే స్కూలుకు వెళ్లండి. క్రిస్మస్ సెలవులు, వాటి వెనకే సంక్రాంతి సెలవులు వస్తాయి, అప్పుడు రిపోర్టు అప్‌లోడ్ చేసే మనిషి దొరకరు.