సన్మానం సంగతి తర్వాత, ముందు అడ్మిషన్ రిజిస్టరు తెరవండి

అడిగిన ప్రశ్న ఇది: "మా ఊరి హైస్కూలుకి యాభై ఏళ్లు నిండుతున్నాయి. ఇక్కడ చదివి పేరు తెచ్చుకున్న పూర్వ విద్యార్థుల్ని సన్మానించాలనుకుంటున్నాం. ఎవరిని ఎంచుకోవాలి? ఎలా చేస్తే బాగుంటుంది?"

ఎవరిని ఎంచుకోవాలో కమిటీని అడక్కండి, రిజిస్టరుని అడగండి. కమిటీకి తెలిసేది ఎవరికి పెద్ద కారుందో, ఎవరు ఫోనెత్తుతారో, అంతే. ఎవరు మీ స్కూల్లో నిజంగా చదివారో చెప్పేది బీరువా అడుగున ఉన్న ఆ బైండు పుస్తకం ఒక్కటే.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. ఒడిశాలో గజపతి జిల్లాలో, పర్లాకిమిడికి దగ్గర్లో ఒక చిన్న ఊరి హైస్కూల్లో నేను క్లర్కుగా చేసి రిటైరయ్యాను. మా వైపు స్కూలు క్లర్కుని బడబాబు అంటారు. పేరులో బడా ఉంది గానీ కూర్చునేది హెడ్మాస్టరు గది బయట వరండాలో. ఊళ్లో సగం మంది తెలుగువాళ్లం, సగం ఒడియావాళ్లు. స్కూల్లోనూ రెండు సెక్షన్లు ఉండేవి.

మా స్కూలు ఉత్సవానికి కూడా సన్మాన కమిటీ వేశారు. ఒక బట్టల షాపు యజమాని, ఎన్.ఏ.సి. (మా వైపు చిన్న ఊళ్లకి మున్సిపాలిటీ లాంటిది) మాజీ చైర్మన్ ఒకాయన, ఇద్దరు రిటైర్డు మాస్టార్లు. రెండు చేతుల రాత బాగుంటుందని నన్నూ కలుపుకున్నారు. తెలుగు, ఒడియా రెండూ రాస్తానని వాళ్ల ఉద్దేశం. లిస్టు అప్పటికే తయారై ఉంది. అమెరికాలో డాక్టరు ఒకాయన, భువనేశ్వర్‌లో పెద్ద ఆఫీసరు ఒకాయన, వాటర్ కూలర్ ఇస్తానన్న కాంట్రాక్టరు ఒకాయన, ఇంకా కొందరు. నన్ను చేయమన్న పనల్లా వాళ్లు ఏ సంవత్సరం పాసయ్యారో రిజిస్టరు చూసి మానపత్రంలో, అంటే సన్మాన పత్రంలో, రాయడం.

పాత రిజిస్టర్లు చూసినవాళ్లకి తెలుస్తుంది, అదంత తేలిక పని కాదు. అంచులు చెదలు తినేసి ఉంటాయి. తెలుగు పిల్లల పేర్లు ఒడియా గుమస్తా రాసినవైతే వెంకటరావు కాస్తా బెంకట రావు అయి కూర్చుంటాడు. ఇంటిపేరు ఒకచోట ముందుంటుంది, ఒకచోట వెనకుంటుంది, ఒక్కోచోట ఉండనే ఉండదు. తండ్రి పేరు, పుట్టిన తేదీ చూసుకుంటూ పట్టుకోవాలి. డాక్టరుగారి పేరు అలాగే దొరికింది. ఎం.ఇ. స్కూల్లో, అంటే మిడిల్ స్కూల్లో, ఏడో తరగతి అయ్యాక మా దగ్గర ఎనిమిదిలో చేరారు. వదిలిన తరగతి గడిలో కూడా ఎనిమిది అనే ఉంది. కారణం గడిలో "గార్డియన్ కోరిక మీద" అని ఎర్ర సిరాతో రాసి ఉంది. ప్రమోషన్ రిజిస్టరు తీసి చూస్తే ఆ పేరు ఎదురుగా పాస్ అన్న మాట లేదు.

సాయంత్రం వెళ్లి చైర్మన్ గారికి చెప్పాను. "అయ్యా, ఈయన మన దగ్గర ఒక్క ఏడే ఉన్నారండి, అదీ తప్పారు."

"ఒక్క ఏడైతే ఏటి బడబాబూ, మన బెంచీ మీద కూర్చున్నవాడే కదా? ఆ పుస్తకం మూసేసి బీరువాలో పెట్టెయ్యండి."

మూసేశాను. నా ఉద్యోగం అది.

ఫంక్షన్ రోజు పొద్దున్న తొమ్మిదికల్లా పిల్లల్ని గేటు దగ్గర రెండు వరసల్లో పూలతో నిలబెట్టారు. ముఖ్య అతిథి వచ్చేసరికి ఒంటిగంట. ఎండకి పూలు వాడిపోతే మళ్లీ తెమ్మన్నారు. రెండో విడత పూలు కూడా వాడిపోయాయి. ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. సన్మానం అనగానే పిల్లల్ని ఎండలో నిలబెట్టే అలవాటు ఎవరు పెట్టారో గానీ, ఆ పిల్లల్లో పెద్దయ్యాక ఎవరూ ఆ స్కూలు మొహం చూడరు. చూడకపోవడం న్యాయం కూడా.

స్టేజీ మీద పర్లాకిమిడి (మా నోట కిమిడి) రాజావారు కృష్ణచంద్ర గజపతి మహారాజా ఫొటో, గిడుగు రామమూర్తి పంతులు గారి ఫొటో పక్కపక్కన పెట్టి దండలు వేశారు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడడానికీ, కిమిడి అందులో కలవడానికీ పట్టుబట్టినవారు మహారాజా. కిమిడి ఒరిస్సాలో కలిసిందని ఊరు వదిలేసి రాజమండ్రి వెళ్లిపోయినవారు పంతులుగారు. బతికుండగా ఒకే దండ వేయించుకునేవారు కాదు. పైగా మా వైపు ప్రతి స్కూలూ పంతులుగారిని తమవాడంటుంది. ఆయన కిమిడిలో చదివినవారు కాదు, 1880లో వచ్చి రాజావారి స్కూల్లో చదువు చెప్పినవారు. కొండల్లో ఉండే సవరల భాష నేర్చుకుని వాళ్ల పిల్లలకి వాచకాలు రాసినవారు. ఆయన్ని పూర్వ విద్యార్థుల వరసలో కూర్చోబెడితే ఎలా? బరంపురంలో పుట్టిన వి.వి.గిరి గారు 1969లో రాష్ట్రపతి అయ్యారు. ఆ లెక్కన బరంపురంలో ప్రతి వీధి బడీ ఆయన్ని తమవాడనొచ్చు.

సరే, అసలు విషయానికి వస్తాను. డాక్టరుగారికి ఉత్తరీయం కప్పారు, మానపత్రం చదివారు. "ఈ విద్యాలయం ఒడిలో విద్యాబుద్ధులు నేర్చి, ఇక్కడి గురువుల ఆశీస్సులతో..." అని ఒడియాలో ఒక పేజీ. ఆయన మైకు దగ్గరికి వచ్చి ముందు ఒడియాలో నమస్కారం పెట్టి, తర్వాత తెలుగులోకి దిగారు.

"నేను ఈ స్కూల్లో ఎనిమిదో తరగతి తప్పాను. లెక్కలూ పోయాయి, ఒడియా కూడా పోయింది. మా నాన్న టి.సి. తీసుకుని సరిహద్దు దాటించి పాతపట్నం పట్టుకెళ్లి అక్కడ తెలుగు మీడియంలో వేశాడు. అక్కడే పాసయ్యాను. ఇప్పుడు నన్నెందుకు పిలిచారో నాకూ తెలీలేదు. పిలిస్తే రాకపోతే బాగోదని వచ్చాను."

పిల్లలు ఒక్కసారి గొల్లుమన్నారు. ఆ రోజు మొత్తం మీద వాళ్లు మనసారా చప్పట్లు కొట్టింది అప్పుడే. హెడ్మాస్టరుగారు మెడలో దండ సర్దుకోవడం మొదలుపెట్టి, ఆపకుండా సర్దుకుంటూనే ఉన్నారు. చైర్మన్ గారు నా వంక చూసిన చూపు, ఆ ఉపన్యాసం నేనే రాసిచ్చానన్నట్టుంది.

ఆయన తప్పు చెప్పలేదు. సరిహద్దు ఊళ్లలో తెలుగు పిల్లల సంగతి అదే. ఇంట్లో తెలుగు, బోర్డు మీద ఒడియా, అటు గట్టిగా అడుగేస్తే ఆంధ్రా. కాస్త స్తోమత ఉన్నవాళ్లు పిల్లల్ని పాతపట్నమో టెక్కలో పంపేవారు. లేనివాళ్లు ఇక్కడే తంటాలు పడి కటక్ బోర్డు పదో తరగతి పరీక్ష గట్టెక్కేవారు. మా స్కూల్లో తెలుగు మాస్టారు రిటైరయ్యాక ఆ పోస్టు ఏళ్ల తరబడి ఖాళీగానే ఉంది. తప్పి వెళ్లిపోయినవాళ్లని పిలిచి శాలువా కప్పే బదులు, అలాంటి అవస్థలో ఇక్కడే ఉండి పాసైనవాళ్లని వెతికితే లిస్టు నిజంగా బరువుగా ఉంటుంది.

భోజనాల దగ్గర డాక్టరుగారు నా పక్కకి వచ్చి కూర్చున్నారు. రిజిస్టరు చూపించమన్నారు. ఆ ఎర్ర సిరా గడిని ఫోన్లో ఫొటో తీసుకుని నవ్వుకున్నారు. తర్వాత అడిగారు: "బడబాబుగారూ, మా క్లాసులో లెక్కల్లో ఎప్పుడూ ఫస్టొచ్చే అమ్మాయి ఉండేది. నూటికి నూరు తెచ్చుకునేది. ఆమెని పిలవలేదా?"

లిస్టు వేసినప్పుడు ఆమె ఎవరికీ గుర్తు రాలేదు. వచ్చినా దొరికేది కాదు. మీరడిగిన దానికి అసలు జవాబు ఇక్కడుంది, కాస్త ఓపిక పట్టి చదవండి. ఆడపిల్ల పెళ్లయ్యాక ఇంటిపేరు మారుతుంది, ఊరు మారుతుంది, మా వైపైతే ఒక్కోసారి రాష్ట్రమే మారుతుంది. మగపిల్లాడు పేరు తెచ్చుకుంటే పేపర్లో ఇంటిపేరు చూసి "ఫలానావారి అబ్బాయి" అని ఊరు పట్టేస్తుంది. ఆడపిల్ల పేరు పేపర్లో వచ్చినా అది ఇంకో ఇంటిపేరుతో వస్తుంది. అందుకే ఏ స్కూలు ఆనర్ బోర్డు చూసినా ఆడవాళ్ల పేర్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. వాళ్లు చదవలేదని కాదు, వెతికే పద్ధతి వాళ్లకి సరిపోదు.

ఆమె తండ్రి పేరు రిజిస్టర్లో ఉంది. ఆ వీధిలో ముసలమ్మల్ని అడిగితే అరగంటలో ఆచూకీ దొరికింది. కమిటీ రెండు నెలలు ఫోన్లు చేసి పట్టుకోలేని పని అది. గుణుపురం కోడలైందట. పోస్టాఫీసు పరీక్ష రాసి, పోస్టుమాస్టరుగా రాయగడ వైపు చేసి రిటైరయిందట. మా తెలుగు సెక్షన్ నుంచి ఆ కాలంలో ఉద్యోగం చేసిన ఆడపిల్ల అంటే అదేమీ చిన్న మాట కాదు. చైర్మన్ గారికి చెబితే, "పోస్టుమాస్టరా?" అని ఊరుకున్నారు. బడ్జెట్ కూడా అప్పటికి అయిపోయింది.

కాబట్టి మీ కమిటీ చేయాల్సిన పని: ఒక్కో బ్యాచి తీసుకుని పేరు, తండ్రి పేరు రాసుకుని వీధుల్లో పడండి. ముఖ్యంగా ఆడపిల్లల పేర్లు ముందు తీయండి, అవే ఆలస్యం అవుతాయి. మీ క్లర్కు ఇంకా సర్వీసులో ఉండగానే ఈ పని మొదలెట్టండి. కొత్తగా వచ్చేవాళ్లకి ఆ పాత చేతిరాతలు అర్థం కావు.

మెమెంటోల సంగతి కూడా చెప్పేస్తాను, కడుపులో ఉంచుకోలేను. మా వాళ్లు వైజాగ్ నుంచి గాజు పలకలు తెప్పించారు, ఒకటి దారిలోనే పగిలింది. పర్లాకిమిడిలో గేదె కొమ్ముతో కొంగలు, దువ్వెనలు చేసే పనివాళ్లున్నారు. ఒడిశా అంతా తెలిసిన పని. కొమ్ముని మంట మీద వేడిచేసి మెత్తబడగానే వంచి, అరగదీసి, నల్లగా నిగనిగలాడేలా మెరుగు పెడతారు. ఆ కొంగని షెల్ఫులో పెట్టుకుంటే ఇంటికొచ్చినవాడు "ఎక్కడిది?" అని అడుగుతాడు. గాజు పలకని ఎవరడుగుతారు? మీ ఊళ్లో ఏం చేస్తారో అదే ఇవ్వండి.

ఉపన్యాసాలు వద్దు. మా వాళ్లు ఒక్కొక్కరు లేచి నౌపడా నుంచి కిమిడి మీదుగా నడిచిన నేరోగేజ్ చిన్న రైలు గురించి, ఆ రైలు పక్కన నడిచి దాన్ని దాటేసిన గొప్ప గురించి చెప్పుకుంటూ పోయారు. ఆ లైను 2011లో బ్రాడ్‌గేజ్ అయి కూర్చుంది, పిల్లలకి అదేంటో తెలీదు. వచ్చినవాళ్లకి ఒక్కో క్లాసు అప్పగించి ఒక పీరియడు చెప్పమనండి. ఇంజనీరైతే లెక్కలు, నర్సయితే కట్టు కట్టడం. ఆ పోస్టుమాస్టరమ్మ వచ్చుంటే మనియార్డరు ఫారం నింపడం దగ్గర మొదలుపెట్టి చక్రవడ్డీ దాకా చెప్పేదని నా నమ్మకం.

విరాళాలు అడగాలంటే ఫంక్షన్ అయిన నెల తర్వాత అడగండి. ముందే అడిగితే ఇచ్చేవాడే సన్మానితుడవుతాడు. మా కాంట్రాక్టరుగారి వాటర్ కూలర్ మీద ఆయన పేరు రాసిన ఇత్తడి పలక ఇప్పటికీ మెరుస్తూనే ఉంది. కూలరే రెండో వేసవికి ఆగిపోయింది, రిపేరుకి డబ్బులు ఏ పద్దులో రాయాలో తెలీక ఫైలు నా బల్ల మీదే ఉండిపోయింది.