జోర్డనైట్‌ను రంగు చూసి పట్టలేరు, చిరునామా చూసి పట్టాలి

"జోర్డనైట్ అనే అరుదైన సీసపు ఖనిజం లక్షణాలేమిటి? ఎక్కడ దొరుకుతుంది? మన రాష్ట్రాల్లో దొరికే అవకాశం ఉందా?" అని అడిగారు. నేను సీసం, రాగి నిక్షేపాల అన్వేషణలో ఉద్యోగం చేసి రిటైరైన జియాలజిస్టును. జోర్డనైట్‌ను దాని సొంత ఊళ్ళోనే చూసొచ్చాను కాబట్టి ఈ ప్రశ్న నాకు చాలా ఇష్టమైనది.

పుస్తకాల్లో ఉండే లెక్కలు ముందు చెప్పేస్తాను. సీసం, ఆర్సెనిక్, గంధకం కలిసిన ఖనిజం ఇది: 14 సీసం పరమాణువులకు 6 ఆర్సెనిక్, 23 గంధకం. బరువులో దాదాపు 70 శాతం సీసమే. కాఠిన్యం 3, సాంద్రత 6.4 దాకా. రంగు సీసపు బూడిద. కొన్ని స్ఫటికాల మీద నెమలికంఠం ఛాయలు తేలతాయి. స్ఫటిక వ్యవస్థ మోనోక్లినిక్ (ఒక వైపుకు వాలిన అమరిక) అయినా, కవల స్ఫటికాలుగా పెరగడం వల్ల పైకి ఆరు పలకల బిళ్ళలా కనిపించి కళ్ళను మోసం చేస్తుంది. ఆర్సెనిక్ స్థానంలో దానికి దగ్గరి మూలకం ఆంటిమొనీ ఎక్కువైతే అది జోర్డనైట్ కాదు, జియోక్రోనైట్. 1864లో గెర్హార్డ్ ఫోమ్ రాత్ అనే జర్మన్ ఖనిజ శాస్త్రవేత్త దీన్ని వర్ణించి, పరీక్షకు నమూనా ఇచ్చిన డాక్టర్ జోర్డన్ పేరు పెట్టాడు.

ఈ లెక్కలన్నీ కంఠస్థం చేసినా రాయి చేతికొచ్చినప్పుడు పెద్దగా ఉపయోగం ఉండదు. బూడిద రంగు, బరువు, మెత్తదనం ఉన్న సీసపు సల్ఫోసాల్టులు (లోహం, గంధకంతో పాటు ఆర్సెనిక్, ఆంటిమొనీ లాంటివి కలిసిన ఖనిజాలు) డజన్ల కొద్దీ ఉన్నాయి. అందుకే నేనెప్పుడూ చెప్పేది ఒకటే: ముందు ఆ రాయి ఏ ఊరిది, ఏ రాతిలో కూర్చుంది అని అడగాలి, కాఠిన్యం సంగతి తర్వాత.

మా అమ్మాయి, అల్లుడు జ్యూరిక్‌లో ఉంటారు. ఒక వేసవిలో వెళ్ళినప్పుడు "నాన్నా, యుంగ్‌ఫ్రావ్ వెళ్దామా, రైన్ జలపాతం చూద్దామా?" అని అడిగింది. మంచుకొండలు ఫోటోల్లో చూస్తాను గానీ నన్ను బిన్ లోయకు తీసుకెళ్ళమన్నాను. అది స్విట్జర్లాండ్‌లోనే వాలే రాష్ట్రంలో ఉంది, జోర్డనైట్ సొంత ఊరు అదే. రైల్లో బ్రిగ్, అక్కణ్ణుంచి ఫీష్, అక్కడ పసుపు రంగు పోస్టు బస్సెక్కితే బిన్. ఇంకా పైకి ఫెల్డ్ అని నల్లబడ్డ చెక్క ఇళ్ళ చిన్న పల్లె. ఆ పైన లెంగెన్‌బాఖ్ క్వారీ. అల్లుడు "మామయ్యగారూ, ఇంతేనా?" అన్నాడు. నిజమే, చూడటానికి చిన్న తెల్ల గోతి. కానీ 150కి పైగా ఖనిజాలు ఆ గోతిలో దొరికాయి, వాటిలో 30కి పైగా ప్రపంచంలో మొట్టమొదట అక్కడే గుర్తించినవి. అక్కడెవరూ లోహం కోసం తవ్వలేదు, స్ఫటికాల కోసమే తవ్వారు. 1958 నుంచి ఒక సంఘం కట్టుకుని, శాస్త్రవేత్తలకు నమూనాలిస్తూ పద్ధతిగా తవ్వుకుంటూ వచ్చారు. ఆ పద్ధతి చూస్తే నాకు అసూయ కలిగింది.

తవ్వి పడేసిన రాళ్ళ గుట్ట మీద వచ్చినవాళ్ళు సుత్తితో కొట్టుకుని వెతుక్కోవచ్చు. కళ్ళద్దాలు పెట్టుకుని పిల్లలు, ముసలివాళ్ళు అందరూ అదే పనిలో ఉన్నారు. నేనూ కూర్చున్నాను. రాయి చక్కెరలాంటి తెల్లటి డోలమైట్ (సున్నపురాయికి దగ్గరి చుట్టం), సుత్తి తగిలితే పొడిపొడిగా రాలుతుంది. దాంట్లో పైరైట్ (ఇనుము, గంధకం కలిసిన ఖనిజం) సన్నటి చారలుగా పరుచుకుని ఉంటుంది. ఆ చార పక్కనే మిరియపు గింజంత బూడిద ముక్క కనిపించింది. హ్యాండ్ లెన్స్ పెట్టి చూస్తే ఒక ముఖం మీద దువ్వెనతో గీసినట్టు సన్నటి సమాంతర గీతలు. మామూలు సీసపు ఖనిజమైన గెలీనా అయితే మెట్లుమెట్లుగా, ఘనాకారంలో పగలాలి. ఇది అలా పగల్లేదు. మెరుపు లేని పింగాణీ పలక ఎప్పుడూ నా జేబులో ఉంటుంది. గీస్తే నల్ల గీత పడింది.

పక్కన కూర్చున్న పెద్దాయన దగ్గర ఉన్న గింజ కూడా అచ్చు అలాగే ఉంది, అదే బూడిద, అదే మెరుపు. పలక ఆయనకిచ్చాను. ఆయన గింజ చాక్లెట్ రంగు గీత గీసింది! పైకి ఒకేలా ఉన్న రెండు రాళ్ళు, పలక మీద పక్కపక్కనే నలుపు ఒకటి, గోధుమ ఒకటి. సీసం ఎక్కువున్న జోర్డనైట్ గీత నలుపు. ఆర్సెనిక్ ఎక్కువున్న సార్టోరైట్, డ్యూఫ్రెనాయ్‌సైట్ లాంటివి గోధుమ. ఆయనకు ఇంగ్లీషు రాదు, నాకు జర్మన్ రాదు. నా గీత చూసి "యోర్డనిట్?" అన్నాడు, తల ఊపాను. నా గింజ జోర్డనైటే. ఎక్స్‌రే తీయించలేదు. ఆ క్వారీలో, ఆ డోలమైట్‌లో, ముఖం మీద ఆ గీతలతో, గెలీనా పగులు లేకుండా నల్ల గీత ఇచ్చిన గింజ మరొకటి కాదని నేను గట్టిగా చెప్తాను. అదే గింజను ఎవరైనా చిరునామా లేకుండా తెచ్చి చూపిస్తే మాత్రం నోరు విప్పను.

ఆ పెద్దాయన తర్వాత చేసిన పని నాకు ఇంకా నచ్చింది. గింజను టిష్యూలో చుట్టి, చీటీ మీద తేదీ, గుట్టలో ఏ వైపు దొరికింది, పక్కన ఏ ఖనిజాలున్నాయి అన్నీ రాసి, ఆ చీటీతో సహా చిన్న డబ్బాలో పెట్టాడు. ఒక్క గింజకు అంత రాత! మన దగ్గర ఒక కోర్ షెడ్, ఏ సంస్థదో చెప్పను, అందులో వందల మీటర్ల డ్రిల్ కోర్ (బోరు వేసి తీసిన రాతి కడ్డీలు) చెదలు తిన్న పెట్టెల్లో కలగాపులగంగా పడి ఉండటం నా కళ్ళతో చూశాను. ఏ బోరుదో, ఎంత లోతుదో చెప్పే అంకెలన్నీ చెరిగిపోయాయి. ప్రజల డబ్బుతో తవ్విన కోర్ అది. కాలేజీ మ్యూజియంలలోనూ ఇదే గతి. "గెలీనా, ఇండియా" అని చీటీ. ఇండియాలో ఎక్కడయ్యా? ఇక వాట్సాప్‌లో ఫోటో పంపి "సార్, ఇదేం రాయి, ఎంత పలుకుతుంది?" అని అడిగేవాళ్ళ గురించి చెప్పక్కర్లేదు. ఫోటోలో గీత రంగు కనిపించదు, బరువు తెలియదు, ఊరు చెప్పరు.

చిరునామా అంత ముఖ్యం ఎందుకంటే ఈ ఖనిజం పుట్టాలంటే పరిస్థితులన్నీ కలిసి రావాలి. లెంగెన్‌బాఖ్ డోలమైట్ 20 కోట్ల ఏళ్ళకు ముందటి ట్రయాసిక్ కాలపు సముద్రంలో పేరుకున్నది. ఆల్ప్స్ పర్వతాలు లేచేటప్పుడు అది లోతుకు దిగి 500 డిగ్రీల దరిదాపుల్లో ఉడికింది. ఆర్సెనిక్ దండిగా ఉన్న సల్ఫైడ్లు ఆ వేడికి కరిగి, చల్లారుతూ రకరకాల సల్ఫోసాల్టులుగా స్ఫటికీకరించాయన్నది ఒక వాదన. ఆ గుట్ట మీద కూర్చున్నాక నాకు అదే నిజమనిపించింది. ఎర్రటి మణిశిల, అంటే రియల్గార్, పక్కనే కనిపిస్తుంటే ఆర్సెనిక్‌కు కొదవేముంది? వేరే చోట్ల, ఉదాహరణకు జర్మనీలోని వీస్‌లోఖ్‌లో, జపాన్ అవోమొరి ప్రాంతంలోని ఒకొప్పె గనిలో, జోర్డనైట్ దొరికింది. కానీ అక్కడి ముక్కల్లో లెంగెన్‌బాఖ్ స్ఫటికాల అందం వెతకకండి.

మన సంగతికి వస్తే, పల్నాడులో అగ్నిగుండాల దగ్గర బండలమొట్టు సీసం నిక్షేపం ఉంది. అక్కడా గెలీనా డోలమైట్‌లోనే, కడప బేసిన్ రాళ్ళలో. డోలమైట్ ఉంది, సీసం ఉంది, కానీ లెంగెన్‌బాఖ్‌లా ఆర్సెనిక్ లేదు. కాబట్టి కంటికి కనిపించే జోర్డనైట్ స్ఫటికం అక్కడ దొరుకుతుందని ఆశ పెట్టుకోకండి. దేశంలో దీనికి దగ్గరి బంధువు కావాలంటే రాజస్థాన్‌లోని రాజ్‌పురా-దరీబా వెళ్ళాలి. అక్కడి ఖనిజంలో సీసం-ఆంటిమొనీ సల్ఫోసాల్టులు ఉన్నాయి, జియోక్రోనైట్‌తో సహా. వాటిని గుర్తించడానికి మైక్రోస్కోపు కావాలి. అయినా నా నమ్మకం ఒకటి చెప్తాను: బండలమొట్టు గెలీనాను ఓపికగా పాలిష్డ్ సెక్షన్లు (నున్నగా సానబెట్టిన ముక్కలు) చేయించి, రిఫ్లెక్టెడ్ లైట్ (రాతి మీద పడి తిరిగొచ్చే వెలుతురు) మైక్రోస్కోపు కింద వరుసగా చూస్తే, గెలీనా అంచుల్లో ఏదో ఒక సల్ఫోసాల్టు తప్పకుండా బయటపడుతుంది. పీహెచ్‌డీకి అంశం దొరకడం లేదని తిరిగే పిల్లలు ఈ పని ఎందుకు పట్టుకోరో నాకు అర్థం కాదు. మైక్రోస్కోపు ప్రతి పాత డిపార్టుమెంటులోనూ మూలన పడి ఉంది.

మీ దగ్గర నిజంగా అనుమానమున్న రాయి ఉంటే, దొరికిన చోటు పేరు, పక్కన ఉన్న రాయి రకం ముందు కాగితం మీద రాసుకోండి. పింగాణీ పలక మీద గీసి రంగు చూడండి. చేతులు సబ్బుతో కడుక్కున్నాకే అన్నం ముట్టుకోండి, పిల్లలకు అందనివ్వకండి. పాత పుస్తకాల్లో చెప్పినట్టు కాల్చి వాసన చూసే పరీక్ష మాత్రం ఇంట్లో చేయొద్దు. వెల్లుల్లి వాసనతో వచ్చే ఆ పొగ విషమైన ఆర్సెనిక్‌ది.