దారం కొలిచే దూరం, గాలి చెప్పే టైము

ప్రశ్న: మేష్టారూ, మే నెలలో మా అబ్బాయి ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్తున్నాడు. దూరం సుమారు 12,400 కిలోమీటర్లని ఫోన్లో చూశాను. విమానం గంటకి 900 పోతుందంటారు కదా, పద్నాలుగు గంటలు కూడా పట్టకూడదు. టికెట్లో పదహారని ఉంది. పైగా తెల్లవారుజామున 4కి ఎక్కితే అదే రోజు ఉదయం ఏడున్నరకి దిగుతాడట! ఏది నమ్మను?
- ఒక తల్లి, పర్లాకిమిడి

జవాబు: ఈ లెక్క వేసి నేనూ బోల్తా పడ్డానమ్మా. మా పెద్దాడు మొదటిసారి వెళ్లినప్పుడు, ఇక్కడ బరంపురంలో క్యాలెండరు వెనక దూరాన్ని వేగంతో భాగించి, పద్నాలుగో గంట నుంచి ఫోన్ పట్టుకు కూర్చున్నాను. వాడి గొంతు వినేదాకా ఇంటిల్లిపాదికీ టెన్షనే. ముప్పై ఏళ్లు జాగ్రఫీ చెప్పినవాడి పరువు ఆ పూటతో సరి!

మీరు చూసిన 12,400 గ్లోబు మీద రెండు ఊళ్ల మధ్య దారం బిగించి పట్టుకుంటే వచ్చే దూరం. ఆ దారం టిబెట్, సైబీరియా దాటి, ఆర్కిటిక్ సముద్రం మీదికి ఎక్కి, అలాస్కా మీదుగా దిగుతుంది. విమానం అలా పోదు. లోపల గాలి ఒత్తిడి పడిపోతే వెంటనే 10,000 అడుగులకి దిగాలి. టిబెట్ నేలే సగటున 14,000 అడుగుల పైమాట, ఇక ఎక్కడికి దిగుతారు? అందుకే చుట్టు తిరుగుతారు.

ఇక గాలి సంగతి. పది కిలోమీటర్ల ఎత్తున పడమర నుంచి తూర్పుకి జోరుగా వీచే గాలుంది, జెట్ స్ట్రీమ్ అంటారు. 2016 అక్టోబరులో ఎయిర్ ఇండియా తన ఢిల్లీ-శాన్‌ఫ్రాన్సిస్కో విమానాన్ని పడమరగా అట్లాంటిక్ వైపు మానేసి, గాలివాలుకి తూర్పుగా పసిఫిక్ మీదుగా నడిపింది. దారి 1,400 కిలోమీటర్లు పెరిగి 15,300 అయింది. టైము మాత్రం సుమారు రెండు గంటలు తగ్గి, పద్నాలుగున్నర గంటల్లో చేరింది. భాగించి చూడండి, గంటకి 1,050 దాటింది! గోపాలపురం రేవులో మన వాడబలిజ జాలర్లని అడిగితే ఇందులో వింతేముంది అంటారు. తెరచాప ఎత్తినవాడికి ఎన్ని మైళ్లన్నది కాదు, గాలి వాలా ఎదురా అన్నదే లెక్క.

ఆ గాలి రోజూ ఒకే జోరుగా వీచదు, కాబట్టి టికెట్లో ఉన్న పదహారే నమ్మండి. ఏడున్నర కూడా తప్పు కాదు. 4కి పదహారు కలిపితే మనకి రాత్రి 8. మేలో అక్కడి గడియారం మనకంటే పన్నెండున్నర గంటలు వెనక, అందుకే అక్కడ ఉదయం ఏడున్నర. నవంబరులో వాళ్లు గడియారం గంట వెనక్కి తిప్పుతారు, అప్పుడు తేడా పదమూడున్నర.

ఎనిమిదికే ఫోన్ రాలేదని కంగారు పడకండి. ఇమిగ్రేషన్ లైను, సామాను అయ్యేసరికి తొమ్మిదిన్నర కావచ్చు. మీరు భోంచేసి కూర్చోండి, అబ్బాయికి అక్కడ అది టిఫిన్ వేళ.