"బరువు తగ్గాక చూద్దాంలే" అన్నావు కదా

చిన్నా,

మొన్న ఫోన్లో బీపీ 152/98 వచ్చిందని చెప్పి, నేను నోరు తెరిచేలోపే "మిషన్ తేడాగా ఉందత్తా, ఎలాగూ జిమ్‌లో చేరుతున్నాగా, బరువు తగ్గాక చూద్దాంలే" అని మాట మార్చేశావు. ఫోన్లో చెబితే ఊఁ కొట్టి పెట్టేస్తావు. అందుకే రాస్తున్నా.

31 ఏళ్లు వార్డులో నర్సుగా చేశాను. చేరిన కొత్తలో పక్షవాతం అంటే అరవై దాటినవాళ్ల జబ్బు. ముప్పై ఏళ్ల మనిషి వచ్చాడంటే గుండె కవాటం చెడిపోయో, ఇంకేదో అరుదైన కారణమో ఉండేది. రిటైరయ్యే నాటికి మెడలో ఐడీ కార్డుతోనే స్ట్రెచర్ మీద వచ్చిన పిల్లల్ని చూశాను. చాలామందిది ఒకటే వాలకం: ముందుకొచ్చిన పొట్ట, ఎన్నడూ చూపించుకోని బీపీ. ఒకతనికి 34 ఏళ్లు. రాత్రి భోజనం దగ్గర చేతిలో చపాతీ జారిపోయింది. తిమ్మిరి అనుకున్నారు, నూనె రాశారు, పడుకోబెట్టారు. తెల్లారి తొమ్మిదింటికి మా దగ్గరికి వచ్చేసరికి మాట పోయింది. "ఈ వయసులో పక్షవాతం ఏంటి అనుకున్నామండీ" అని వాళ్లావిడ అంటూనే ఉంది. ఆమెనేం అనను, ఎవరైనా అలాగే అనుకుంటారు.

ఇప్పుడు నీ లెక్కకొద్దాం. కిలో బరువు తగ్గితే బీపీలో పై నంబరు సుమారుగా ఒక పాయింటు దిగుతుందని డాక్టర్లు చెబుతారు. నువ్వు 98 కిలోలున్నావు. పట్టుబట్టి పది కిలోలు తగ్గావే అనుకో, 152 కాస్తా 142 అవుతుంది. అప్పటికీ ఎక్కువే! పది కిలోలకు ఏడాది పట్టొచ్చు. ఆ ఏడాదంతా మెదడులోని సన్నటి రక్తనాళాలు ఆ ఒత్తిడిని మోస్తూనే ఉంటాయి. గోడలు గట్టిపడి పూడుకుపోవచ్చు, లేదా చిట్లిపోవచ్చు. పక్షవాతమంటే అదే. పొట్టలో కొవ్వు ఊరికే కూర్చోదు, బీపీనీ షుగర్‌నీ కొలెస్ట్రాల్‌నీ వెంటేసుకొస్తుంది. కాబట్టి బరువు సంగతి బరువుదే, బీపీ సంగతి ఈ వారమే తేలాలి. మందు రాస్తే వేసుకో. "ముప్పైలోనే మాత్రలా" అని నామోషీ పడకు. బరువు దిగాక డాక్టరే తగ్గిస్తారు, అలా తగ్గించినవాళ్లను చూశాను.

మిషన్ తేడా అన్నావు, అదీ తేల్చుకుందాం. నీ జబ్బ లావు. మామూలు పట్టీ బిగించి కడితే నంబరు ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. పెద్ద సైజు పట్టీ కొనుక్కో. కాఫీ తాగి అరగంట కాకుండా చూడొద్దు. వీపు ఆనించి ఐదు నిమిషాలు కూర్చో, చెయ్యి బల్ల మీద గుండె ఎత్తులో పెట్టు, మాట్లాడకు, ఫోన్ చూడకు. పొద్దున రెండుసార్లు, సాయంత్రం రెండుసార్లు, వారం రోజులు కాగితం మీద రాయి. ఇంట్లో చూసుకున్నప్పుడు సగటు 135/85 దాటితే ఎక్కువే అన్నట్టు. ఆ కాగితం తీసుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లు.

ఇంకోటి. నడుము 36 అంటావు, అది ప్యాంటు సైజు నాయనా, బొజ్జ కింద కట్టేది! చివరి పక్కటెముకకీ తుంటి ఎముకకీ మధ్యన టేపు పెట్టి, పొట్ట లోపలికి లాక్కోకుండా, ఊపిరి వదిలాక కొలుచుకో. మన దేశపు మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటకూడదని లెక్క. మనకు బీఎంఐ, అంటే ఎత్తునిబట్టి చూసే బరువు లెక్క, 25 దాటితే చాలు ఊబకాయం కింద వేస్తారు, తెల్లవాళ్లకు అది 30. అదే బరువులో మనకు షుగరూ బీపీ ముందే వస్తాయి. నువ్వు 34 దగ్గరున్నావు.

తిండి గురించి ఎక్కువ చెప్పను, యూట్యూబ్‌లో నాకంటే ఎక్కువే చూస్తున్నావు. అన్నం మొత్తం మానేస్తే పదిహేనో రోజున బిర్యానీ మీద పడతావు. ముద్ద తగ్గించి కూర పెంచు. ఉప్పు మాత్రం గట్టిగా పట్టుకో. రోజు మొత్తానికి ఐదు గ్రాములు, అంటే ఒక చిన్న చెంచా. మన ఆవకాయ, అప్పడం, టిఫిన్ సెంటర్ చట్నీ, రాత్రి పదకొండుకు ఆర్డర్ పెట్టేవి, అన్నీ అందులోనే ఇమడాలి. ముందుగా ఐదు కిలోలు చాలు, 93కి రా చూద్దాం. ఆ సిగరెట్ సంగతి మీ అమ్మకు తెలియదు, నాకు తెలుసు. అది మాత్రం తగ్గించడం కాదు, మానేయాలి.

గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగినట్టు ఉంటోందని మీ అమ్మ చెప్పింది. పగలు మీటింగుల్లో కునుకు పడుతోందని నువ్వే అన్నావు. ఇవి రెండూ డాక్టర్‌కి తప్పకుండా చెప్పు. నిద్రలో ఊపిరి ఆగినప్పుడల్లా బీపీ ఎగురుతుంది. చెల్లి పీసీఓఎస్‌కి, అదే నెలసరి తప్పే ఆ హార్మోన్ల తేడాకి, హార్మోన్ మాత్రలు వాడుతోంది కదా. కళ్ల ముందు మెరుపులు కనిపించి తలనొప్పి వస్తున్నా, బీపీ ఉన్నా ఆ మాత్రలు రాసిన డాక్టరమ్మకు చెప్పమను, రెండూ కలిస్తే పక్షవాతం ముప్పు పెరుగుతుంది.

ఇక ఇది ఇంట్లో అందరికీ చదివి వినిపించు. ఉన్నట్టుండి మూతి వంకర పోయినా, ఒక చెయ్యి ఎత్తలేకపోయినా, మాట ముద్దగా వచ్చినా, చూపు పోయినా, తూలిపోయినా వయసు చూడొద్దు, 108కి ఫోన్ చేయండి. గడియారం చూసి, మనిషి మామూలుగా ఉన్నది చివరిసారి ఎప్పుడో గుర్తుపెట్టుకోండి, డాక్టర్ అడిగే మొదటి ప్రశ్న అదే. మెదడు నాళంలో అడ్డుపడిన రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్‌కి మామూలుగా నాలుగున్నర గంటలే గడువు. ఆలస్యమైందని ఆగిపోనూ వద్దు, కొందరికి 24 గంటల వరకు గడ్డను తీసే వీలుంటుంది. సీటీ స్కాన్ ఉన్న ఆసుపత్రికే వెళ్లాలి. రక్తం గడ్డకట్టిందో, నాళం చిట్లిందో స్కాన్‌లో తేలేదాకా ఆస్పిరిన్ వేయకూడదు. నీళ్లు కూడా పట్టొద్దు, పొరబోతాయి. పసరు మందు, పావురం రక్తం అని ఎవరైనా చెబితే వినొద్దు, పోయేది టైమే. పది నిమిషాల్లో అంతా సర్దుకున్నా సరే వెళ్లాల్సిందే. అసలు దెబ్బ ఆ తర్వాత ఒకటి రెండు రోజుల్లోనే పడొచ్చు.

ఆదివారం మొదలుపెట్టి, పై ఆదివారానికి ఆ కాగితం ఫోటో నాకు పంపు. టేపు మీ అమ్మ కుట్టుమిషన్ సొరుగులో ఉంటుంది. ఎందుకని అడిగితే అత్త అడగమందని చెప్పు.

మీ అత్త
గుంటూరు