స్కూలు రేటింగు చూసి ఇల్లు కొనేయకండి

సందేహం: ఉద్యోగం మీద నార్త్ కరొలైనా వచ్చి మూడు నెలలైంది. కేరీలో అద్దెకుంటున్నాం. బాబు రెండో తరగతి, పాపకు వచ్చే ఏడు కిండర్‌గార్టెన్. రేటింగు తొమ్మిదీ పదీ ఉన్న స్కూలు జోనులోనే ఇల్లు కొనమని మనవాళ్ళంతా చెబుతున్నారు. అక్కడి ధరలు మా తాహతుకు మించినవి. రాలీ ఊళ్ళో స్కూళ్ళకు నల్లవాళ్ళ పిల్లలు ఎక్కువ వస్తారు, అటు పోవద్దనీ అంటున్నారు. ఏం చెయ్యమంటారు?

జవాబు: ఇంకా సంతకాలు పెట్టకపోతే ఆగండి. ఈ రాష్ట్రంలో ఇంటి ఒప్పందం కుదరగానే అమ్మేవాళ్ళ చేతికి డ్యూ డిలిజెన్స్ ఫీజు పోతుంది. తర్వాత మీరు మనసు మార్చుకుంటే అది తిరిగి రాదు. స్కూలు సంగతి దానికి ముందే తేల్చుకోవాలి. మా తరంవాళ్ళం చాలామందిమి ఇక్కడే బోర్లాపడ్డాం. ముందు ఇల్లు కొని, తర్వాత స్కూలు ఆఫీసుకు ఫోను చేశాం.

అన్నిటికన్నా ముందు చేసిన తప్పు, ఆ అంకెను నమ్మడం. పదికి పది కనిపిస్తే ఎంసెట్ ర్యాంకు చూసినట్టు చూశాం. రేటింగులో పెద్ద భాగం పరీక్ష మార్కులది. మార్కులేమో ఇంటి ఆదాయం వెంట నడుస్తాయి. ఇద్దరూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేసే ఇళ్ళ మధ్య బడి ఉంటే, లోపల పాఠం ఎలా సాగినా అంకె పైనే ఉంటుంది. అది చాలావరకు చుట్టుపక్కల జీతాల లెక్క. దాని కోసం మీరు ముప్పై ఏళ్ళు వాయిదాలు కడతారు, పైన ఆస్తిపన్ను, కాలనీ ఇంటివాళ్ళ సంఘానికి కట్టే హెచ్‌ఓఏ రుసుము. హెచ్-1 మీద ఉన్నవాళ్ళకు ఉద్యోగం పోతే చేతిలో ఉండేది 60 రోజులు. అప్పుడా వాయిదా గుండెల మీద కుంపటి. ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా నాకు తనివి తీరదు, ఎందుకంటే కొత్తగా వచ్చినవాళ్ళు దీన్నొక్కదాన్నే చెవిన పెట్టరు.

ఇంటితో పాటు సీటు కూడా వస్తుందనుకోవడం ఇంకా ఖరీదైన పొరపాటు. కేరీ, రాలీ ఉన్న వేక్ కౌంటీలో ప్రతి చిరునామాకూ ఒక బేస్ స్కూలు, అంటే ఆ ఇంటికి కేటాయించిన బడి ఉంటుంది, నిజమే. కానీ కొత్త కాలనీలు లేచినచోట బడి నిండిపోతే ఇంతమందే అని పరిమితి పెడతారు. దాన్ని క్యాప్ అంటారు. ఆ తర్వాత వచ్చినవాళ్ళను ఓవర్‌ఫ్లో స్కూలుకు పంపుతారు. ఎదురింటి అబ్బాయి నడిచి వెళ్ళే బడి ముందునుంచే మీవాడు బస్సులో ఇంకెక్కడికో పోతాడు. కొత్త స్కూలు తెరిచినప్పుడు హద్దులూ మారుతుంటాయి.

కాబట్టి కౌంటీ బడులన్నీ నడిపే స్కూలు డిస్ట్రిక్టు సైటులో డోర్ నంబరుతో సహా చిరునామా కొట్టి చూడండి. వీధి పేరు చాలదు. ఎలిమెంటరీతో పాటు మిడిల్, హైస్కూలు పేర్లు కూడా రాసుకోండి. క్యాప్ ఉందా, వచ్చే ఏడాది మార్పుల ప్రతిపాదనలో మీ వీధి ఉందా అని ఆఫీసులో అడగండి. ఇంటి ప్రకటనలో రాసిన స్కూలు పేరు హామీ కాదు. క్యాలెండరూ చూడండి. ఇయర్‌రౌండ్ స్కూళ్ళలో పిల్లల్ని నాలుగు ట్రాకులుగా చేసి, సుమారు 45 రోజులు బడి, 15 రోజులు సెలవు ఇస్తారు. ఇద్దరూ ఉద్యోగస్తులైతే సెలవొచ్చిన ప్రతిసారీ ట్రాకవుట్ క్యాంపుకు డబ్బు కట్టాలి. వేసవిలో రెండు నెలలు అమ్మమ్మగారింట్లో వదిలిరావడం కుదరదు. అన్నకో క్యాలెండరు, చెల్లికో క్యాలెండరు వస్తే ఇండియా టికెట్లు తీయడమే గండం.

ఈ హద్దుల వెనక పెద్ద కథ ఉంది. నల్లపిల్లలకూ తెల్లపిల్లలకూ వేరువేరు బడులు చెల్లవని సుప్రీంకోర్టు బ్రౌన్ కేసులో 1954లో చెప్పింది. రాలీలో తెల్లపిల్లల బడి గడప ఒక నల్లపిల్లవాడు తొక్కడానికి 1960 దాకా పట్టింది. మర్ఫీ స్కూల్లో చేరిన ఆ ఏడేళ్ళ బిల్ క్యాంప్‌బెల్ తర్వాత అట్లాంటా మేయరయ్యాడు. చాలా నగరాల్లో కోర్టు పిల్లల్ని కలపమంటే తెల్ల కుటుంబాలు శివార్లకు తరలిపోయాయి. డెట్రాయిట్ విషయంలో సుప్రీంకోర్టు 1974లో మిల్లికెన్ కేసులో, తప్పు చేశాయని రుజువు కాని శివారు డిస్ట్రిక్టులను ఇందులోకి లాగడం కుదరదంది. డిస్ట్రిక్టు హద్దు దాటి ఇల్లు కొనుక్కుంటే చాలు, కలిసి చదవక్కర్లేదు. ఇక్కడ మాత్రం 1976లో రాలీ ఊరి బడులనూ కౌంటీ బడులనూ ఒకే డిస్ట్రిక్టు చేశారు. పిల్లల్ని బడులకు పంచడానికి 2000లో జాతిని వదిలి ఆదాయాన్ని కొలమానంగా తీసుకున్నారు: ఏ బడిలోనూ ఉచిత, రాయితీ భోజనం పొందే పిల్లలు 40 శాతం, చదవడంలో వెనకబడినవాళ్ళు 25 శాతం దాటకూడదన్నారు. 2010లో కొత్త బోర్డు ఆ విధానాన్ని 5-4 ఓట్లతో తీసేసింది. మనవాళ్ళు ఇళ్ళు కొంటున్న జోన్ల వెనక ఉన్న తగాదా ఇది.

మీరు పోవద్దని విన్న ఊరి బడుల సంగతికి వస్తాను. 1982లో ఇక్కడ వాటిలో చాలావాటిని మాగ్నెట్ స్కూళ్ళుగా మార్చారు. వేరే చోట దొరకని సంగీతం, భాషలు, సైన్సు తరగతులు అక్కడ పెడితే శివారు పిల్లలు తమంతట తామే వస్తారని లెక్క. లైగన్ మిడిల్ స్కూలు 1953లో నల్లపిల్లల హైస్కూలుగా మొదలైంది. ఇవాళ అక్కడ సీటుకు కేరీ, మోరిస్‌విల్ నుంచి మన పిల్లలూ దరఖాస్తు పెడుతున్నారు. ఎన్లో హైస్కూల్లో ఐబీ అనే అంతర్జాతీయ పాఠ్యక్రమం ఉంది. పేటపిల్లల మార్కులూ, దరఖాస్తుతో వచ్చినవాళ్ళ మార్కులూ సగటులో కలిసిపోతాయి కాబట్టి బయటి అంకె చూస్తే లోపలి తరగతులు తెలియవు.

దరఖాస్తుకు రుసుము లేదు. గడువు మాత్రం బడి తెరవడానికి నెలల ముందే ముగుస్తుంది, తేదీలు సైటులో చూసుకోండి. మొదటి రోజు పెట్టినంత మాత్రాన ముందు సీటు రాదు. తోబుట్టువు అక్కడే చదువుతుంటే మేలు. పేదరికం ఒకేచోట పోగుపడకుండా చూడటం, ఖాళీ గదులు నింపడం కూడా మాగ్నెట్ లక్ష్యాలే కనుక మీ ఇల్లెక్కడుందన్నదీ లెక్కలోకి వస్తుంది. చిక్కల్లా బస్సుతో. చాలా మాగ్నెట్ బస్సులు ఇంటి ముందుకు రావు, ఎక్స్‌ప్రెస్ స్టాపు దాకా మీరే దింపాలి, సాయంత్రం మీరే తెచ్చుకోవాలి. అదే బడికి వెళ్ళే ఇంకో ఇద్దరు పిల్లల తల్లిదండ్రులతో వంతులు వేసుకోండి.

చేర్పించేటప్పుడు ఫారంలో జాతి గడి వస్తుంది. 'అమెరికన్ ఇండియన్' అని చూసి ఇండియన్ కదా అని టిక్కు పెట్టేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. అది ఇక్కడి ఆదివాసులది, మనది 'ఆసియన్'. ఖాళీగా వదిలితే స్కూలువాళ్ళే చూసి నింపొచ్చు. వీసా చూపించమని అడగకూడదు, కాగితాలు లేని పిల్లలకూ బడి నిరాకరించరాదన్న సుప్రీంకోర్టు 1982 ప్లైలర్ తీర్పు ఉంది. టీకాల కాగితాలకు 30 రోజుల గడువు.

ఇంటి ఏజెంటును 'మనవాళ్ళున్న పేట చూపించండి' అని అడగకండి. జాతిని బట్టి పేట చూపించడం 1968 నుంచి చట్టవిరుద్ధం. ఆయన మాట దాటేస్తే అది పొగరు కాదు.

ఇంట్లో మాట్లాడే తీరు గురించి కూడా చెప్పాలి. 'నీగ్రో' అని మన పేపర్లు చాలాకాలం మామూలుగా రాశాయి, ఆ అలవాటు పెద్దవాళ్ళ నోట ఇంకా ఉంది. ఇక్కడది తిట్టు. కారులో మీరన్న మాట మర్నాడు క్లాసులో పిల్లవాడి నోట వస్తుంది. మనవాళ్ళు ఈ దేశ పౌరసత్వానికి తగరని 1923లో థింద్ కేసులో ఇదే సుప్రీంకోర్టు తేల్చింది. 1964 పౌరహక్కుల చట్టం వెనకే 1965 వలస చట్టం వచ్చి, దేశాలవారీ పాత కోటాలు పోయాయి. ఆ తలుపులోంచే మనం లోపలికొచ్చాం. దాన్ని తెరిపించడానికి లాఠీ దెబ్బలు తిన్నవాళ్ళ మనవల పక్కన కూర్చోవద్దని పిల్లలకు ఎలా చెబుతాం? గ్రీన్స్‌బరో మీకు గంటన్నర లోపే. 1960 ఫిబ్రవరి 1న నలుగురు నల్ల విద్యార్థులు టిఫిన్ కోసం కూర్చుని లేవనన్న వూల్‌వర్త్ కౌంటరు ఇప్పుడు మ్యూజియంలో ఉంది, పిల్లలకు చూపించండి.

లీజు ఇంకో ఏడాది పొడిగించండి. మాగ్నెట్ స్కూళ్ళు తల్లిదండ్రుల్ని రమ్మనే రోజున రెండు స్కూళ్ళకు వెళ్ళి తరగతి గదుల్లో కాసేపు నిలబడండి. ఇద్దరి పేర్లతోనూ దరఖాస్తు పెట్టి, ఫలితం వచ్చాకే ఇల్లు వెతకండి.