ప్రీనప్ రాయించాలంటే ఎంతవుతుంది, ఎందుకంతవుతుంది?

ప్రశ్న: మేడం గారూ నమస్తే. నేను పదకొండేళ్ల నుంచి కాలిఫోర్నియాలో ఉంటున్నా, పోయినేడాది సిటిజన్‌షిప్ కూడా వచ్చింది. శాన్ హోసేలో చిన్న టౌన్‌హౌస్ ఉంది, లోన్ ఇంకా నడుస్తోంది. ఫిబ్రవరిలో గుంటూరులో పెళ్లి, అమ్మాయి హైదరాబాద్‌లో జాబ్ చేస్తోంది. ప్రీనప్, అంటే ఆస్తులు, అప్పుల గురించి పెళ్లికి ముందే చేసుకునే ఒప్పందం, రాసుకుందామని మేమిద్దరం అనుకున్నాం, ఇంట్లో ఇంకా చెప్పలేదు. ఇక్కడ లాయర్‌ని అడిగితే 4,500 డాలర్లు అన్నాడు, పైగా అమ్మాయికి వేరే లాయర్ ఉండాలంట, ఆ ఫీజు ఇంకో 2,000. ఆన్‌లైన్‌లో 600కే అయిపోతుందని ఫ్రెండ్స్ అంటున్నారు. అంత డబ్బు దేనికండీ? ఒక్క లాయరే ఇద్దరికీ రాసిస్తే సరిపోదా?
- శాన్ హోసే నుంచి ఒక పాఠకుడు

జవాబు: మీ లాయర్ ఎక్కువేం అడగలేదండీ. మీ శాన్ హోసే ఉన్న బే ఏరియాలో ఫ్యామిలీ లాయర్లు గంటకి 400 నుంచి 600 డాలర్ల దాకా తీసుకుంటారు, 450 చొప్పున లెక్కేసుకున్నా 4,500 అంటే పది గంటల పని. ఆ పది గంటలూ టైపింగుకి కాదు. మీ టౌన్‌హౌస్ సంగతే తీసుకోండి, పెళ్లికి ముందు కొన్నది కాబట్టి అది నాదే అనుకుంటారు మీరు, కానీ కాలిఫోర్నియాలో పెళ్లయ్యాక వచ్చే జీతం ఇద్దరిదీ, ఆ జీతంతో మీరు లోన్ అసలు తీరుస్తూ పోతే ఇంట్లో కొంత వాటా ఉమ్మడి ఆస్తిలోకి వెళ్తుంది, 1980లో మూర్, 1982లో మార్స్‌డెన్ అని రెండు కేసులు వచ్చాయి, ఇప్పటికీ ఆ లెక్కే వాడుతున్నారు. కంపెనీ ఇచ్చిన షేర్లుంటే అదింకో లెక్క, పెళ్లికి ముందు ఇచ్చి పెళ్లయ్యాక వెస్ట్ అయ్యేవి, అంటే పూర్తిగా మీ సొంతమయ్యేవి, ఎవరివి ఎంత అని రాయాలి. ఊళ్లో పొలం మీ పేరున ఉంటే అది కూడా చూపించాలి. ఇండియాలోది కదా వాళ్లకేం తెలుస్తుందిలే అని చాలామంది వదిలేస్తారు. అలా దాచిపెడితే రేపు కాగితాన్ని సవాలు చేయడానికి అదొక గట్టి కారణం అవుతుంది.

ఇక రెండో లాయర్. మీరు డబ్బు మిగుల్చుకోకూడనిది ఇక్కడే. ఒకే లాయర్ ఇద్దరి తరఫునా న్యాయంగా నిలబడలేడు. 1988లో బారీ బాండ్స్ అనే బేస్‌బాల్ ప్లేయర్ లాస్ వెగాస్‌లో పెళ్లికి సరిగ్గా ఒకరోజు ముందు స్వీడన్ నుంచి వచ్చిన అమ్మాయితో ప్రీనప్ మీద సంతకం పెట్టించాడు, ఆమె పక్కన లాయర్ లేడు. ఆ కేసు ఏళ్లపాటు నడిచి 2000లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు ఆ అగ్రిమెంట్ చెల్లుతుందంది, అంతే, అసెంబ్లీ వాళ్లు చట్టాన్నే బిగించేశారు, 2002 నుంచి అమల్లోకి వచ్చింది. ఇప్పుడు లాయర్ వద్దనుకునే వాళ్లు ఆ మాట వేరే కాగితం మీద రాసివ్వాలి, తనేం వదులుకుంటోందో తనకి బాగా వచ్చిన భాషలో చెప్పి ఉండాలి. విడిపోతే భరణం ఇవ్వను అనే క్లాజ్ పెట్టారనుకోండి, సంతకం పెట్టేటప్పుడు ఆ అమ్మాయికి సొంత లాయర్ లేకపోతే ఆ క్లాజ్ చెల్లనే చెల్లదు. పిల్లల ఖర్చు తగ్గించేలా అయితే ఎవరు రాసినా కుదరదు. 600 డాలర్ల ఆన్‌లైన్ కాగితం ఇద్దరికీ సమాన జీతాలుండి, ఆస్తులేం లేనివాళ్లకి పనికొస్తుందేమో గానీ ఇల్లు, షేర్లు, వేరే దేశంలో ఉన్న అమ్మాయి, ఇవన్నీ ఉన్న మీకు నేనైతే వద్దంటాను.

ఆ 2,000 మీరే కట్టండి, చట్టం కాదనదు. కానీ లాయర్‌ని మాత్రం ఆ అమ్మాయినే వెతుక్కోనివ్వండి, మీ లాయర్ ఫ్రెండ్‌ని అంటగట్టొద్దు. తెలుగు తెలిసిన లాయర్ దొరికితే మరీ మంచిది. వాళ్ల నాన్నగారికి కూడా ఒకసారి వీడియో కాల్‌లో చెప్పించొచ్చు. అన్నట్టు ఇంట్లో చెప్పలేదన్నారు, దయచేసి ఇప్పుడే చెప్పండి. శుభలేఖలు పంచాక, మండపం అడ్వాన్స్ ఇచ్చాక ఈ కాగితం బయటపడితే ఆ అమ్మాయి మీద ఎంత ఒత్తిడి ఉంటుందో ఆలోచించండి, పెళ్లి ఆగిపోతుందేమోనన్న భయంతో పెట్టిన సంతకం రేపు కోర్టులో నిలబడకపోవచ్చు, మీ ఇద్దరి మధ్యా నిలబడదు. ఫైనల్ డ్రాఫ్ట్ చేతికిచ్చిన రోజుకీ సంతకానికీ మధ్య కనీసం ఏడు రోజులు ఉండాలని చట్టంలోనే ఉంది. నా లెక్కలో అయితే పెళ్లికి నెల ముందే సంతకాలు అయిపోవాలి.

మనవాళ్లు తరచూ జారిపడేది ఇంకోటి ఉంది, వీసా తొందరగా వస్తుందని ముందే రిజిస్టర్ మ్యారేజ్ చేసేసుకుంటారు, తర్వాత నాలుగు నెలలకి ముహూర్తం పెట్టి తాళి కడతారు. సర్టిఫికెట్ మీదున్న తేదీకే మీకు పెళ్లయిపోయినట్టు, ఆ తర్వాత రాసుకున్నది ప్రీనప్ అవ్వదు. భార్యాభర్తల మధ్య ఒప్పందాన్ని కోర్టులు ఇంకా గట్టిగా పరీక్షిస్తాయి, ఖర్చు కూడా పెరుగుతుంది. అలాంటి ప్లాన్ ఏమైనా ఉంటే మీ లాయర్‌కి మొదటి ఫోన్‌లోనే చెప్పండి.

అలాగే గ్రీన్‌కార్డుకి స్పాన్సర్ చేసేటప్పుడు మీరు ఐ-864 అనే ఫారం మీద సంతకం పెడతారు కదా, ఆమెని పోషించే బాధ్యత నాది అని గవర్నమెంటుకి మాటిచ్చినట్టు. విడాకులైనా అది పోదు, ప్రీనప్‌లో వద్దని రాసుకున్నా పోదని 2016లో నైన్త్ సర్క్యూట్ కోర్టు (కాలిఫోర్నియా కూడా దాని కిందికే వచ్చే ఫెడరల్ అప్పీల్ కోర్టు) చెప్పింది. ఆ అమ్మాయికీ ఈ సంగతి తెలియాలి.

ఖర్చు తగ్గించుకోవాలంటే లాయర్ దగ్గరికెళ్లే ముందు మీరిద్దరూ ఒక ఆదివారం కూర్చుని ఎవరికేముంది, అప్పులెన్ని, ఎవరైనా ఉద్యోగం మానేసి పిల్లల్ని చూసుకుంటే వాళ్లకేంటి, అన్నీ మాట్లాడుకుని ఎక్సెల్‌లో పెట్టుకోండి. ఇద్దరు లాయర్లు ఈమెయిళ్లలో వాదించుకునే ప్రతి గంటకీ రెండు బిల్లులు వస్తాయి. ఆమె సంతకానికి నోటరీ కావాలంటే హైదరాబాద్ నానక్‌రామ్‌గూడలో అమెరికా కాన్సులేట్‌లో ఒక్కో సీలుకి 50 డాలర్లు, అపాయింట్‌మెంట్ ముందే తీసుకోవాలి.

ప్రశ్న: మాకు ఒక్కతే కూతురు. అబ్బాయి, అమ్మాయి ఇద్దరిదీ హైదరాబాద్‌లోనే ఉద్యోగం. పెళ్లయ్యాక అల్లుడు మా ఇంట్లోనే ఉండాలని, అమ్మాయిని వేరే కాపురానికి తీసుకెళ్లకూడదని ముందే 100 రూపాయల స్టాంపు పేపర్ మీద రాయించుకుందామని మావారు అంటున్నారు. వకీలుగారు 30 వేలు అడిగారు. ఇవ్వొచ్చా?
- విజయవాడ నుంచి ఒక తల్లి

జవాబు: ఇవ్వకండమ్మా. అచ్చం ఇలాంటి ఒప్పందమే 1901లో కలకత్తా హైకోర్టుకి వెళ్లింది, భార్యని పుట్టింటి నుంచి తీసుకెళ్లనని పెళ్లికి ముందు భర్త రాసిచ్చాడు, అది చెల్లదని కోర్టు కొట్టేసింది. గోవాలో పోర్చుగీసు కాలం నాటి సివిల్ కోడ్ ఉంది కాబట్టి అక్కడ పెళ్లికి ముందు ఆస్తి ఒప్పందాలకి చోటుంది. మనకి 1872 నాటి కాంట్రాక్ట్ చట్టంలో 23వ సెక్షన్ అడ్డమొస్తుంది, కాపురం ఇలా చేయాలి అని రాసుకున్న షరతుల్ని పబ్లిక్ పాలసీకి విరుద్ధం అంటారు. మన పల్లెల్లో ఇల్లరికం ఆచారంగా ఎంతకాలం నడిచినా ఇప్పుడు అల్లుడి మనసుని స్టాంపు పేపరుతో కట్టేయలేం కదమ్మా, ఉండాలనుకుంటే ఉంటాడు.

మీకు అమ్మాయి భద్రత ముఖ్యమైతే ఆ డబ్బుని వేరేలా వాడండి. ఆమెకి ఇవ్వదల్చుకున్న స్థలమో ఫ్లాటో ఆమె ఒక్కదాని పేరున గిఫ్ట్ డీడ్ రిజిస్టర్ చేయించండి, హిందూ వారసత్వ చట్టం 14వ సెక్షన్ ప్రకారం ఆమె దానికి పూర్తి హక్కుదారు. బంగారం బిల్లులన్నీ అమ్మాయి పేరున తీసుకోండి. పెళ్లిలో వచ్చిన కానుకల లిస్టు రాసి వధూవరులిద్దరూ సంతకం పెట్టాలని 1985లోనే రూల్స్ వచ్చాయి, ఎవరూ పట్టించుకోరు గానీ గొడవొచ్చినప్పుడు అమ్మాయికి అదే ఆధారం. ఆ లిస్టు రాయడానికి వకీలు కూడా అక్కర్లేదు, వస్తువు పేరు, సుమారు విలువ, ఎవరిచ్చారు, ఇచ్చినవాళ్లు బంధువులైతే ఏమవుతారు అని నాలుగు గళ్లు గీసుకుంటే చాలు, రెండు కాపీలు రాయించి ఒకటి మీ దగ్గర ఉంచుకోండి.